మెరిట్ స్కాలర్‌షిప్ లేఖలో రెండో పేజీ

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకు అర్థమైనంతలో సంగతి ఇది. మీరు న్యూజెర్సీలో ఉంటున్నారు. అమ్మాయికి బయాలజీ, దానితోపాటు ఫిలాసఫీ చదవాలని ఉంది. ఆ తర్వాత మెడిసిన్ ఆలోచన. నాలుగు చోట్ల సీటు వచ్చింది. ఒహాయోలోని లిబరల్ ఆర్ట్స్ కాలేజీలో, అంటే రకరకాల విషయాలు కలిపి నేర్పే చిన్న డిగ్రీ కాలేజీలో, ఖర్చు ఏడాదికి 82,000 డాలర్లు, మెరిట్ స్కాలర్‌షిప్ 38,000. మిన్నెసోటా కాలేజీలో ఖర్చు 84,000, స్కాలర్‌షిప్ 24,000. న్యూ ఇంగ్లండ్‌లోని బాగా పేరున్న కాలేజీలో ఖర్చు 90,000, స్కాలర్‌షిప్ సున్నా. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయం ఆనర్స్ కాలేజీలో వసతి, భోజనాలతో కలిపి 38,000. గ్రీన్ కార్డు ఇంకా రాలేదు, అమ్మాయి హెచ్‌-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను ఆనుకుని పిల్లలకు ఇచ్చే వీసా మీద ఉంది, మూడో సంవత్సరం మధ్యలో ఆమెకు 21 నిండుతాయి. తొమ్మిదో తరగతి చదివే అబ్బాయి ఉన్నాడు. హైదరాబాద్ శివార్లలోని ప్లాటు అమ్మి అయినా సరే పేరున్న కాలేజీకే పంపుదామని మీవారు అంటున్నారు. మీ మనసు ఒహాయో మీద ఉంది. అక్కడ స్కాలర్‌షిప్ పోను నాలుగేళ్లకు 1,76,000 అవుతుందని లెక్క వేసి, "లక్షా యాభై రెండు వేల డాలర్ల స్కాలర్‌షిప్ వదులుకోవడం తెలివైన పనేనా?" అని అడిగారు.

నేను ఇద్దరు ఆడపిల్లలను ఈ దారిలోనే చదివించాను. పెద్దమ్మాయి 2016లో, చిన్నమ్మాయి 2021లో చేరారు. ఆ అనుభవం చూసి, ఏటా ఏప్రిల్‌లో మా ఊరి తెలుగువాళ్లు ఆఫర్ లేఖలు పట్టుకుని మా ఇంటికి వస్తుంటారు. ఆ లేఖలు చదివీ చదివీ నాకు ఏర్పడిన అభిప్రాయాలు ఇవి. కొన్ని మీకు నచ్చకపోవచ్చు.

ముందుగా ఆ లక్షా యాభై రెండు వేల అంకెను మనసులోంచి తీసేయండి. ఆషాఢంలో చీరల కొట్టుకు వెళ్తే ఎనిమిది వేల చీర సగం ధరకే అని బోర్డు ఉంటుంది. అది కొని ఇంటికి వచ్చి "ఇవాళ నాలుగు వేలు సంపాదించాను" అని ఎవరూ చెప్పరు, "నాలుగు వేలు పెట్టి చీర కొన్నాను" అంటారు. కాలేజీ దగ్గరికి వచ్చేసరికి మనకు ఆ తెలివి ఎక్కడికి పోతుందో! ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగిన తరం మనది. మెరిట్ అన్న మాట చెవిన పడగానే ర్యాంకు వచ్చినంత సంబరం. వెంటనే బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఆ లేఖ ఫొటో వెళ్లిపోతుంది. అభినందనలు మొదలయ్యాక ఇక లెక్క చూసుకునే ఓపిక ఎవరికి ఉంటుంది?

అమెరికా ప్రైవేటు కాలేజీల్లో చాలావాటికి అచ్చులో కనిపించే ఫీజు ఒకటి, నిజంగా కాలేజీ చేతికి వచ్చేది ఒకటి. కొత్తగా చేరే విద్యార్థుల ట్యూషన్ ఫీజులో సగటున సగానికి పైగా కాలేజీలే వదులుకుంటున్నాయి. అన్నాపొలిస్‌లోనూ శాంటా ఫేలోనూ ప్రాంగణాలున్న సెయింట్ జాన్స్ కాలేజీ ఈ తంతు అక్కర్లేదనుకుని, 2019లో ట్యూషన్ ఫీజును 52,000 పైచిలుకు నుంచి 35,000కు దించేసింది. మిగతా కాలేజీల్లో ఎక్కువ భాగం ఆ సాహసం చేయవు. ఫీజు ఎక్కువైతే చదువూ గొప్పదే అనుకునే తల్లిదండ్రులం మనమే కదా. పైగా తగ్గింపు అని రాసే చోట "మీ ప్రతిభకు గుర్తింపుగా" అని రాస్తే ఆ తృప్తి వేరు.

మీ అమ్మాయి ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 82,000 కాలేజీలో 38,000 తగ్గించారంటే ఆమెను నిజంగానే కోరుకుంటున్నారు. ఎంతగా కోరుకుంటున్నారో తెలుసుకోవడానికి ఒక దారి ఉంది. దాదాపు ప్రతి కాలేజీ తన వెబ్‌సైట్‌లో "కామన్ డేటా సెట్" అనే పత్రం పెడుతుంది. అందులో హెచ్ విభాగం ఆర్థిక సహాయానిది. ఆర్థిక అవసరం లేకపోయినా కాలేజీ సొంత డబ్బుతో స్కాలర్‌షిప్ ఇచ్చిన విద్యార్థులు ఎందరు, వాళ్లకు సగటున ఎంత ఇచ్చారు అన్నది అక్కడ ఉంటుంది. సగటు 36,000 అయితే మీకు వచ్చిన 38,000 అందరికీ ఇచ్చే ధరే. సగటు 25,000 అయితే మీ అమ్మాయి వాళ్లకు కావలసిన విద్యార్థి. ఈ తేడా తర్వాత ఉత్తరం రాసేటప్పుడు పనికొస్తుంది.

ఇప్పుడు లెక్క. మీరు వేసిన 44,000 ఇంటూ నాలుగు తప్పు. ఖర్చు ఏటా పెరుగుతుంది, స్కాలర్‌షిప్ మాత్రం గొర్రె తోకలా బెత్తెడే ఉంటుంది. ఎక్కువ కాలేజీలు లేఖలో డాలర్ల అంకె వేస్తాయే తప్ప ఫీజులో ఇంత శాతం అని రాయవు. ఏడాదికి నాలుగు శాతం పెరుగుదల అనుకుందాం, ఈ కాలేజీలకు అది అసాధారణమేమీ కాదు. ఒహాయోలో మొదటి ఏడాది మీ చేతి నుంచి పోయేది 44,000. నాలుగో ఏడాదికి మొత్తం ఖర్చు 92,239 అవుతుంది, అందులోంచి అదే 38,000 తీసేస్తే మీ వాటా 54,239. నాలుగేళ్లకు కలిపి 1,96,210. మీరు అనుకున్నదానికంటే ఇరవై వేలు ఎక్కువ.

ఇందులో చాలామంది గమనించని ఒక మెలిక ఉంది. కాలేజీ ఖర్చు నాలుగో ఏడాదికి పన్నెండున్నర శాతం పెరిగితే, మీ వాటా 23 శాతం పెరిగింది. పెరిగిన ప్రతి డాలరూ మీ మీదే పడుతుంది కాబట్టి, స్కాలర్‌షిప్ ఎంత పెద్దదైతే మీ వాటా శాతంలో అంత వేగంగా పెరుగుతుంది. మొదటి ఏడాది బొటాబొటిగా కట్టగలిగిన కుటుంబాలు మూడో ఏడాదికి ఇబ్బంది పడటం నేను చూశాను. మీ ఇంట్లో అమ్మాయి నాలుగో ఏడాదిలో ఉండగానే అబ్బాయి మొదటి ఏడాదిలో చేరతాడు. ఆ 54,239 అంకె పక్కన అతని ఫీజు కూడా వేసి చూసుకోండి.

అదే పెరుగుదలతో మిగిలినవి: మిన్నెసోటా 2,60,703. న్యూ ఇంగ్లండ్ 3,82,182. రాష్ట్ర విశ్వవిద్యాలయం 1,61,366. రానుపోను విమాన ఖర్చులు, పుస్తకాలు, మిన్నెసోటా అయితే చలి బట్టలు, ఇవన్నీ వేరే. కాలేజీ ఆరోగ్య బీమా బిల్లులో ఉందేమో చూడండి. మీ ఉద్యోగం ద్వారా వచ్చే బీమాలో అమ్మాయి ఉంటే, ఆ రాష్ట్రంలో అది చెల్లుతుంటే, కాలేజీ బీమా అక్కర్లేదని ఫారం నింపవచ్చు. ఏటా నింపాలి. మరిచిపోతే మూడు నాలుగు వేలు ఊరికే పోతాయి. ఒకసారి నేనే మరిచిపోయాను.

ఇక నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది రెండో పేజీ. మొదటి పేజీలో అభినందనలు, కాలేజీ ముద్ర, అంకె ఉంటాయి. ఆ స్కాలర్‌షిప్ ఏటా కొనసాగడానికి షరతు ఏమిటన్నది రెండో పేజీలో చిన్న అక్షరాల్లో ఉంటుంది.

మా పెద్దమ్మాయికి ఏడాదికి 22,000 ఇచ్చారు. లేఖ వచ్చిన రోజు ఇంట్లో పాయసం వండారు. రెండో పేజీ నేను చదవలేదు. మొదటి సంవత్సరం అయ్యాక, మే నెలాఖరులో కాలేజీ నుంచి ఒక కవరు వచ్చింది. స్కాలర్‌షిప్ కొనసాగాలంటే జీపీఏ (నాలుగుకు లెక్కించే గ్రేడ్ల సగటు) 3.25 ఉండాలి, మీ అమ్మాయికి 3.19 వచ్చింది, ఒక సెమిస్టర్ గడువు ఇస్తున్నాం, ఈలోగా సరిచేసుకోకపోతే రద్దవుతుంది అని. ఆ పిల్ల బడిలో ఎప్పుడూ ఏ గ్రేడు దిగనిది. కాలేజీలో కెమిస్ట్రీ ఒక్కటి దెబ్బతీసింది. పాయింట్ సున్నా ఆరు తేడాకు మిగిలిన మూడేళ్లలో 66,000 డాలర్లు ప్రమాదంలో పడ్డాయి. వంటింట్లో బల్ల దగ్గర కూర్చుని ఆ కాగితాన్ని ముగ్గురం ఒకరి తర్వాత ఒకరం చదువుకున్నాం, ఎవరమూ ఏమీ మాట్లాడలేదు.

ఆ వేసవిలో తను రెండో ఏడాది కోర్సులు మార్చుకుంది. ఎంతో ఇష్టపడి పేరు నమోదు చేసుకున్న అరబిక్ మానేసి, గ్రేడు తేలికగా వస్తుందని పేరున్న కోర్సు ఒకటి తీసుకుంది. డిసెంబరుకు జీపీఏ 3.29 అయింది, స్కాలర్‌షిప్ నిలబడింది. అరబిక్ మళ్లీ ఎప్పుడూ తీసుకోలేదు. రకరకాల విషయాలు రుచి చూడటానికే లిబరల్ ఆర్ట్స్ కాలేజీకి పంపాం. ఆ రుచి చూడనివ్వకుండా చేసింది ఆ షరతే. లేఖలో అంతా రాసే ఉంది కాబట్టి కాలేజీని తప్పుపట్టలేను. చదవని తప్పు నాది.

అప్పటి నుంచి నాది ఒకటే పట్టు. మీ అమ్మాయి బయాలజీ అంటోంది, మెడిసిన్ అంటోంది. అంటే ఆర్గానిక్ కెమిస్ట్రీ తప్పదు. జీపీఏ 3.5 ఉండాలని షరతు పెట్టే 38,000 కంటే, కాలేజీలో కొనసాగడానికి అందరికీ ఉండే మామూలు నిబంధన తప్ప వేరే షరతు లేని 30,000 మేలు. 3.0 అయితే ఫరవాలేదు, కానీ మొదటి సెమిస్టర్ నుంచే లెక్కిస్తారా, ఏడాది చివర చూస్తారా, ఒకసారి పోయినది జీపీఏ పెరిగాక తిరిగి ఇస్తారా అని అడగాలి. నిరుడు ఆ స్కాలర్‌షిప్ ఉన్నవాళ్లలో ఎంతమందికి రద్దయిందని కూడా అడగండి. జవాబు నీళ్లు నమిలినట్టు వస్తే అదీ ఒక జవాబే.

మరికొన్ని ప్రశ్నలు అదే ఈమెయిల్‌లో పెట్టేయండి. ఒక సెమిస్టర్ విదేశాల్లో చదివితే స్కాలర్‌షిప్ వెంట వస్తుందా? అనారోగ్యం వల్ల ఒక సెమిస్టర్ ఆపేస్తే మళ్లీ చేరినప్పుడు ఉంటుందా? బయట ఏదైనా సంస్థ రెండు వేలు స్కాలర్‌షిప్ ఇస్తే, కాలేజీ తన డబ్బులోంచి రెండు వేలు కోసేస్తుందా? నాలుగేళ్లూ క్యాంపస్‌లోనే ఉండాలా? చాలా చిన్న కాలేజీల్లో అది తప్పనిసరి, మూడో ఏడాది బయట చవకగా గది తీసుకుందామనే ఆశలు పెట్టుకోవద్దు. బడిలో చేసిన ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) అనే కాలేజీ స్థాయి కోర్సులతో మూడేళ్లలో డిగ్రీ ముగించేయవచ్చని ఎవరైనా చెబితే నమ్మే ముందు కాలేజీని అడగండి. ఈ తరహా కాలేజీలు ఏపీ క్రెడిట్లను ఇవ్వడంలో గట్టిపిసినారులు.

మీ విషయంలో వీసా సంగతి వేరుగా చెప్పాలి. ఇక్కడ పుట్టిన పిల్లల తల్లిదండ్రులు ఇచ్చే సలహాలు మీకు సగమే పనికొస్తాయి.

అమ్మాయి హెచ్‌-4 మీద ఉన్నంతకాలం ఫెడరల్ గ్రాంట్లు, రుణాలు రావు. సంపాదించే పని చేయడానికి వీల్లేదు. ఒహాయో లేఖలో "క్యాంపస్ ఉద్యోగం 2,800" అని ఒక పంక్తి ఉందన్నారు. అది ఆమెకు వర్తించదు, ఆ పంక్తి కొట్టేసి లెక్క వేయండి. నేను పైన వేసిన లెక్కలో దాన్ని కలపలేదు. ఇంతకంటే బాధ కలిగించేది వేసవి పరిశోధన. ఈ చిన్న కాలేజీల అసలు బలమే అది. ప్రొఫెసర్ పక్కన నిలబడి రెండు నెలలు ల్యాబులో పని, దానికి కాలేజీ ఇచ్చే భృతి. హెచ్‌-4 పిల్లలు ఆ భృతి తీసుకోవడం కుదరక మంచి అవకాశాలు వదులుకోవడం చూశాను. విద్యార్థి వీసా అయిన ఎఫ్‌-1కు మారితే క్యాంపస్‌లో చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటల వరకు పని చేయవచ్చు. డిగ్రీ అయ్యాక ఓపీటీ అనే పని అనుమతి మీద ఏడాది, సైన్స్ డిగ్రీ కాబట్టి మరో రెండేళ్లు పనిచేసే వీలుంటుంది. 21 నిండితే ఎలాగూ మారాల్సిందే. ముందే మారాలా, ఆగాలా అన్నది మీ గ్రీన్ కార్డు దరఖాస్తు ఎక్కడుందో చూసి ఇమ్మిగ్రేషన్ లాయరు చెప్పాలి. ఈ ఒక్క విషయంలో స్నేహితుల మాట, నాతో సహా, వినకండి.

కాలేజీల ఎంపికకు ఇది ఎలా ముడిపడుతుందంటే, ప్రైవేటు కాలేజీలో ట్యూషన్ ఫీజు పౌరులకూ విదేశీయులకూ ఒకటే. వీసా మారినా బిల్లు మారదు. మీ రాష్ట్ర విశ్వవిద్యాలయం చెప్పిన 38,000 స్థానికుల ఫీజు. మూడో ఏడాది ఎఫ్‌-1కు మారాక కూడా ఆమెను స్థానికురాలిగానే లెక్కిస్తారా అన్నది రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి రాతపూర్వకంగా తెప్పించుకోండి. లెక్కించకపోతే ఆ 1,61,366 అన్న అంకెకు అర్థం లేదు. అలాగే ఒహాయో, మిన్నెసోటా కాలేజీలను ఒకే ప్రశ్న అడగండి: వీసా ఎఫ్‌-1కు మారితే ఈ మెరిట్ స్కాలర్‌షిప్ యథాతథంగా కొనసాగుతుందా? సాధారణంగా అవుననే చెబుతారు. కానీ ఫోనులో చెప్పింది రేపు ఆ మనిషి ఉద్యోగం మారితే గాలికి పోతుంది. ఈమెయిల్‌లో ఉండాలి.

మెడిసిన్ గురించి కూడా ఒక మాట. గ్రీన్ కార్డు గానీ పౌరసత్వం గానీ లేనివాళ్లను తీసుకోని మెడికల్ కాలేజీలు అమెరికాలో చాలా ఉన్నాయి. తీసుకునేవాటిలో కొన్ని ఫీజుల డబ్బు ముందే చూపించమంటాయి. ఒకవేళ ఈలోగా గ్రీన్ కార్డు వచ్చినా, 2026 జులై నుంచి వచ్చిన కొత్త నిబంధనల్లో మెడిసిన్ వంటి చదువులకు ఫెడరల్ రుణం ఏడాదికి 50,000, మొత్తం మీద 2,00,000 డాలర్లకు మించదు. చాలా మెడికల్ కాలేజీల ఖర్చు దానికంటే ఎక్కువ. కాబట్టి ఇప్పుడు మిగిల్చిన ప్రతి డాలరూ అప్పుడు కావాలి. మీ దగ్గర పిల్లల చదువు కోసం దాచుకునే 529 ఖాతా ఉంటే, మిగిలింది తర్వాతి చదువుకు వాడుకోవచ్చు, తమ్ముడి పేరుకూ మార్చవచ్చు.

ఇప్పుడు ప్లాటు సంగతి. మీవారి మాటలోనూ కొంత నిజం ఉంది, కొట్టిపారేయను. విలియమ్స్, ఆమ్హర్స్ట్, వెల్స్‌లీ, వాసర్ లాంటి కాలేజీలు మెరిట్ స్కాలర్‌షిప్‌లు అసలు ఇవ్వవు. చేరేవాళ్లందరూ మెరిట్ ఉన్నవాళ్లే, డబ్బు అవసరం ఉన్నవాళ్లకే ఇస్తాం అన్నది వాళ్ల వాదన. తక్కువ ఆదాయం ఉన్న కుటుంబాలకు ఆ కాలేజీలు మీ రాష్ట్ర విశ్వవిద్యాలయం కంటే చవక అయ్యే సందర్భాలూ ఉన్నాయి. మీ ఇద్దరి జీతాలకు అక్కడ సున్నా రావడం సహజం. వాళ్లతో బేరమూ కుదరదు. ఒహాయో వాళ్లు 38,000 ఇచ్చారని చెప్పినా చిరునవ్వుతో కాదంటారు.

మరి ఆ పేరు కోసం ఒహాయో కంటే 1,85,972 డాలర్లు ఎక్కువ పెట్టవచ్చా? బ్యాంకులు, కన్సల్టింగ్ కంపెనీల ఉద్యోగాలకైతే ఆ కాలేజీ పేరు కొన్ని తలుపులు తీస్తుంది, కాదనను. బయాలజీ చదివి మెడిసిన్‌కు వెళ్లాలనుకునే అమ్మాయికి కావలసింది మంచి జీపీఏ, మెడికల్ కాలేజీల ప్రవేశ పరీక్ష ఎంక్యాట్‌లో మార్కులు, ఆమెను బాగా ఎరిగిన ప్రొఫెసర్లు రాసే ఉత్తరాలు. ఇరవై మంది ఉండే తరగతి ఒహాయోలోనూ ఉంది. పైగా ప్లాటు అమ్మితే రెండు దేశాల్లో పన్ను లెక్క చూసుకోవాలి, రూపాయిని డాలరుగా మార్చాలి, చివరికి చేతికి వచ్చేది మీరు అనుకున్నంత ఉండదు. తొమ్మిదో తరగతి పిల్లవాడు ఇంట్లో ఉన్నప్పుడు ఆ ప్లాటును అక్క డిగ్రీ కింద కరిగించడం నాకు న్యాయంగా కూడా అనిపించదు.

ఒహాయో కాలేజీ ఆరోగ్యం కూడా చూడాలి. పెద్ద తగ్గింపు ఇచ్చే కొట్టు ఒక్కోసారి మూసేసే కొట్టు అవుతుంది. 1856 నాటి బర్మింగ్‌హామ్-సదరన్ కాలేజీ అలబామాలో, 1868 నాటి వెల్స్ కాలేజీ న్యూయార్క్ రాష్ట్రంలో, రెండూ 2024లో మూతపడ్డాయి. వెల్స్ విద్యార్థులకు ఆ సంగతి తెలిసింది ఏప్రిల్ నెలాఖరులో. మీరు పేరు చెప్పలేదు కాబట్టి మీ కాలేజీ గురించి ఏమీ అనలేను. ఒహాయోలో డెనిసన్, కెన్యన్, ఓబర్లిన్, ఊస్టర్ లాంటి పాత కాలేజీలు మెరిట్ సహాయం ఇస్తూనే నడుస్తున్నాయి. మీరు చూడాల్సినవి మూడు: కాలేజీ పెట్టుబడిగా దాచుకున్న మూలనిధిని విద్యార్థుల సంఖ్యతో భాగిస్తే ఎంత వస్తుంది, గత ఐదేళ్లలో చేరేవాళ్ల సంఖ్య తగ్గిందా, ఈమధ్య డిపార్టుమెంట్లు ఏమైనా మూసేశారా. ఫిలాసఫీ అన్నారు కదా, కోత వచ్చినప్పుడు ముందు కత్తి పడేది అలాంటి డిపార్టుమెంటు మీదే. ఫిలాసఫీలో ప్రస్తుతం ఎందరు శాశ్వత ప్రొఫెసర్లు ఉన్నారో వెబ్‌సైట్‌లో లెక్కపెట్టండి. ఇద్దరే ఉంటే, వాళ్లలో ఒకరు పదవీ విరమణ దగ్గర ఉంటే, ఆలోచించాలి.

అడగనిదే అమ్మయినా పెట్టదు. కాబట్టి ఏప్రిల్ రెండో వారం లోపల ఒక ఉత్తరం రాయించండి. మెరిట్ స్కాలర్‌షిప్ పెంచడం ఎక్కువ చోట్ల అడ్మిషన్స్ ఆఫీసు చేతిలో ఉంటుంది. ఆదాయం, అప్పులు, వైద్య ఖర్చుల మాటైతే ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీసు. రాయాల్సింది అమ్మాయి, మీరు కాదు. చేపల బజారు ధోరణి వద్దు. ఈ కాలేజీ నాకెందుకు ఇష్టం, ఫలానా ప్రొఫెసర్ పని నాకెందుకు నచ్చింది, మా ఇంటి నుంచి ఎంత వరకు కట్టగలం, ఎంత తక్కువ పడుతోంది అని నాలుగు పేరాలు. ఇంకో కాలేజీ లేఖ జత చేయవచ్చు, అది వీళ్లు పోటీ అనుకునే కాలేజీ అయితేనే. ఒహాయో లేఖ చూపించి మిన్నెసోటా వాళ్లను అడిగితే కదులుతారు. రాష్ట్ర విశ్వవిద్యాలయం లేఖ చూపిస్తే పెద్దగా కదలరు. మా చిన్నమ్మాయి ఇలాగే రాస్తే వారం తర్వాత ఏడాదికి 4,000 పెంచారు. ఒక ఉత్తరానికి పదహారు వేల డాలర్లు. మరో కాలేజీ వాళ్లు మర్యాదగా కుదరదన్నారు, దాని వల్ల పోయింది ఏమీ లేదు. అడిగినందుకు సీటు తీసేస్తారనే భయం అక్కర్లేదు.

మే 1 లోపల ఒక్క చోటే డిపాజిట్ కట్టండి. రెండు చోట్ల కట్టి జూన్‌లో తేల్చుకుందామని మన వాళ్లు కొందరు చేస్తున్నారు, తెలిస్తే రెండు సీట్లూ పోవచ్చు. మే 1 దాటాక కూడా వేరే కాలేజీ నుంచి "ఇంకో ఐదు వేలు పెంచుతాం" అని ఫోను రావచ్చు. అలా పిలవకూడదని కాలేజీ అడ్మిషన్ల సలహాదారుల జాతీయ సంఘం నియమావళిలో ఒకప్పుడు ఉండేది. అమెరికా న్యాయశాఖ ఒత్తిడితో 2019లో దాన్ని తీసేశారు. వస్తే విని, రాసి పంపమనండి.

నా తీర్పు అడిగారు కాబట్టి చెబుతున్నాను. న్యూ ఇంగ్లండ్ పక్కన పెట్టండి. ఒహాయోకూ రాష్ట్ర విశ్వవిద్యాలయానికీ నాలుగేళ్లలో తేడా 35,000 లోపు. బయాలజీ, ఫిలాసఫీ రెండూ చదవాలనుకునే పిల్లకు, వందల మంది కూర్చునే హాలు బదులు చిన్న తరగతి దొరకడానికి అది ఎక్కువ ధర కాదని నేను అనుకుంటాను. మీ జీతాలతో అప్పు లేకుండా కట్టగలిగితేనే సుమా. మిన్నెసోటా అమ్మాయికి నిజంగా ఎక్కువ నచ్చితే ఉత్తరం రాసి చూడండి, 64,000 తేడా ముప్పైకి దిగకపోతే వదిలేయండి. ఈలోగా ఒహాయోకు ఒకసారి తీసుకెళ్లండి. సీటు వచ్చిన పిల్లలకు ప్రయాణ ఖర్చు ఇచ్చే కాలేజీలు కొన్ని ఉన్నాయి, అడగండి. అక్కడ ఆమెను ఒక్కదాన్నే కెమిస్ట్రీ తరగతిలో, ఆ తర్వాత భోజనశాలలో వదిలి మీరిద్దరూ ఊళ్లో తిరిగి రండి.

అన్నిటికంటే ముందు ఆ రెండో పేజీ తీయండి. ఒహాయో వాళ్లు అడిగిన జీపీఏ ఎంతో నాకు రాయండి. 3.0 అయితే పైన చెప్పిందే నా మాట. 3.5 అని ఉంటే మళ్లీ మొదటి నుంచి కూర్చుందాం.